ఆపే వీలున్నా ఆపని తండ్రులు

గ్రీకు విషాద నాటకాన్నీ బైబిలు కథనూ పోల్చమంటే మా డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది ఒకే మాట రాస్తారు: అక్కడ విధి, ఇక్కడ విశ్వాసం. సాహిత్యం చెప్పే టీచరుగా ఆ మాట నేను ఒప్పుకోను. కన్నకూతుర్ని బలికి ఒప్పజెప్పిన తండ్రులను అది తేలిగ్గా వదిలేస్తుంది.

యూరిపిడీస్ నాటకం ‘ఔలిస్‌లో ఇఫిజెనియా’నే తీసుకోండి. ట్రాయ్ మీదికి బయలుదేరిన గ్రీకు నౌకలు గాలి లేక ఔలిస్‌లో ఆగిపోయాయి. ఆర్టెమిస్ దేవతకు సేనాధిపతి అగమెమ్నాన్ కూతురు ఇఫిజెనియాను బలిస్తేనే కదులుతాయన్నాడు జోస్యుడు కాల్కస్. గ్రీకు వీరుడు అకిలీస్‌తో పెళ్లని అబద్ధం చెప్పి తండ్రి ఆమెను రప్పించాడు.

బైబిల్లో న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయం చూడండి. అమ్మోనీయుల మీద గెలిస్తే, తన ఇంటినుంచి ఎదురొచ్చేదాన్ని దహనబలి ఇస్తానని ఇశ్రాయేలు నాయకుడు యెఫ్తా మొక్కుకున్నాడు. గెలిచి మిస్పాకు తిరిగొస్తే, తంబురలతో నాట్యమాడుతూ ఒక్కగానొక్క కూతురు ఎదురొచ్చింది.

ఇద్దరికీ ఆపే వీలుంది. రావద్దని అగమెమ్నాన్ రెండో ఉత్తరం పంపితే తమ్ముడు మెనెలాస్ దాన్ని అడ్డగించాడు. కాసేపటికి ఆ మెనెలాసే జాలిపడి బలి వద్దన్నాడు. అప్పటికి అగమెమ్నాన్‌కు సైన్యమంటే భయం పట్టుకుంది. యెఫ్తాకైతే రెండు నెలలున్నాయి. చెలికత్తెలతో కొండల మీద ఏడ్చుకోవడానికి కూతురే ఆ గడువు అడిగింది. మొక్కుగా అర్పించిన మనిషిని వెండి కట్టి విడిపించుకోవచ్చని లేవీయకాండం 27వ అధ్యాయంలో ఉంది. ఐదేళ్ల నుంచి ఇరవై ఏళ్లలోపు ఆడపిల్లకు పది తులాలు. దహనబలికి ఆ నియమం చెల్లుతుందా అన్నది చర్చించాల్సిందే. యెఫ్తా మాత్రం ఎవర్నీ అడిగినట్టు కథలో లేదు. యాజకుడు ఫీనెహాసు ఆ మొక్కును రద్దు చేయగలిగేవాడే అంటారు తర్వాతి కాలపు యూదు వ్యాఖ్యాతలు. నేను నాయకుణ్ణి, నేనెందుకు వెళ్లాలని ఇతనూ, నేను యాజకుణ్ణి, నేనెందుకు వెళ్లాలని అతనూ బిగుసుకున్నారట.

ఈ కథల పోలిక కొత్తది కాదు. బైబిలు పేరైనా చెప్పని ఆ అమ్మాయికి 16వ శతాబ్దపు స్కాట్లండ్ కవి జార్జ్ బుకానన్ తన లాటిన్ నాటకంలో ఇఫిస్ అని పేరు పెట్టాడు.

ఇక, వాళ్లే ఒప్పుకున్నారు కదా అన్న వాదన. ఇఫిజెనియా మొదట ప్రాణాలకోసం తండ్రిని బతిమాలింది. తనను కాపాడతానన్న అకిలీస్‌నే సైనికులు రాళ్లతో కొట్టబోయారని విన్నాక, గ్రీసు కోసం చస్తానంది. యెఫ్తా కూతురు కూడా మొక్కు తీర్చుకోమంది. దారులన్నీ మూసేసి తీసుకున్న సమ్మతిని త్యాగమని పొగడటం నాకు సమ్మతం కాదు.

అందుకే నా క్లాసులో ఈ ప్రశ్నను ఇలా అడుగుతాను: ఈ చావును ఎక్కడెక్కడ ఆపొచ్చు, ఎవరు ఆపలేదు, ఎందుకు? విధి, విశ్వాసం అని రాసేముందు విద్యార్థి ఆ పెద్దల పేర్లన్నీ రాయాలి.