గీత, దేహం, తెర: చందమామ అద్భుత ధారావాహికల టెలివిజన్ అనుసరణపై ఒక వాదం

బొమ్మలతో కలిసి పుట్టిన సంక్లిష్ట అద్భుతగాథను నటీనటులతో టెలివిజన్ ధారావాహికగా మలచడం సాధ్యమా అన్న ప్రశ్నకు రెండు సిద్ధ సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల వసారాల్లోనూ, సాయంకాలం తార్నాక టీ కొట్ల దగ్గర పరిశోధక విద్యార్థుల మాటల్లోనూ ఈ రెండూ తరచు వినిపించేవే. బొమ్మలోని లోకం బొమ్మకే చెందుతుంది కనుక దానిని కెమెరా ముందు నిలపడం అపచారమని మొదటి పక్షం అంటుంది. డబ్బు, గ్రాఫిక్స్ ఉంటే తీయలేనిది ఏదీ లేదని రెండవ పక్షం అంటుంది. పైకి విరుద్ధాలుగా కనిపించే ఈ పక్షాలు రెండూ ఒకే ఊహ మీద నిలబడి ఉన్నాయి. అనుసరణ అంటే కాగితం మీది బొమ్మకు తెర మీద నకలు తీయడమేనన్నది ఆ ఊహ. అది తప్పు. తెలుగువారి రంగస్థల, చలనచిత్ర అనుభవమే అందుకు సాక్ష్యం.

తెలుగులో ఈ చర్చకు అసలైన ఆధారం చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రచించిన పన్నెండు ధారావాహికలు. 1954లో మొదలైన ‘తోకచుక్క’ నుంచి ‘ముగ్గురు మాంత్రికులు’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసి లోయ’, ‘పాతాళ దుర్గం’, ‘శిథిలాలయం’ మీదుగా ‘భల్లూక మాంత్రికుడు’ వరకు సాగిన ఆ వరుసకు బొమ్మలు వేసినవారు చిత్ర. వీటిని కామిక్ అనవచ్చునా అన్న ఆక్షేపణ రావచ్చు. బుజ్జాయి గీసిన ‘డుంబు’ వలె గడులుగా విడిపోయి, మాటల బుడగలతో నడిచే కథలు కావివి. అయితే కథనభారాన్ని మోయడంలో బొమ్మకు వాక్యంతో సమానమైన వాటా ఉన్నప్పుడు గడుల లెక్క అంత ముఖ్యం కాదు. ‘తోకచుక్క’లోని ఏకాక్షి ఎలా ఉంటాడో పాఠకుడికి తెలిపింది దాసరి వాక్యం ఎంతో చిత్ర గీత కూడా అంతే.

ఆ గీత చేసే పని ఏమిటో చూడకుండా అనుసరణ గురించి మాట్లాడడం వ్యర్థం. చిత్ర బొమ్మలో రాజకుమారుడు, వాడు ఎక్కిన గుర్రం, వాడి మీదికి దూకే వికృతమృగం, వెనుకనున్న కొండ అన్నీ ఒకే కలం, ఒకే సిరా నుంచి వచ్చినవి. వాటి మధ్య పదార్థభేదం లేదు కనుక నమ్మకంలోనూ భేదం లేదు. రాజకుమారుడిని నమ్మిన కన్ను మృగాన్నీ అదే క్షణంలో నమ్ముతుంది. కెమెరా ముందు ఈ ఐక్యత చెదిరిపోతుంది. నటుడు రక్తమాంసాలవాడు, మృగం కంప్యూటర్‌లో పుట్టినది. ఎంత ఖర్చు పెట్టినా ఆ రెండింటి మధ్య అతుకును ప్రేక్షకుడి కన్ను వెదుకుతూనే ఉంటుంది. స్థలం విషయంలోనూ ఇంతే. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతి భవనం ముందు మాంత్రికుడి కోట సన్నివేశం తీస్తే హైదరాబాదు ప్రేక్షకుడికి కనిపించేది ఆర్ట్స్ కళాశాలే. గోల్కొండలో తీస్తే గోల్కొండే. ఫొటోగ్రఫీకి స్థలాన్ని పేరు పెట్టి పిలిచే మొండి గుణం ఉంది. చిత్ర గీసిన కోటకు చిరునామా లేదు. అందుకే అది ఏ ఊరి పిల్లవాడికైనా తన ఊరి అవతల ఉన్నట్టే తోచింది.

ఇంతవరకు మొదటి పక్షం చెప్పేది నిజమే. కాని ఇక్కడి నుంచి అసాధ్యమన్న నిర్ణయానికి దూకడం తొందరపాటు. రెండవ పక్షం తొందరపాటు ఇంకా పెద్దది. ‘బాహుబలి’ తరువాత సాధనాల కొరత అన్న సాకు చెల్లదు. ఆ చిత్ర నిర్మాతలే 2018లో ఈటీవీ కోసం ‘స్వర్ణఖడ్గం’ అనే జానపద ధారావాహికను నిర్మించారు. కనుక తీయగలమా అన్నది పాతబడిన ప్రశ్న. ఎట్లా తీయాలన్నది మాత్రం గ్రాఫిక్స్ విభాగం తేల్చవలసిన విషయం కాదు. నకలు పద్ధతి ఎంత దూరం పోతుందో ‘వాచ్‌మెన్’ చూపింది. 2009లో జాక్ స్నైడర్ తీసిన చిత్రం మూల కామిక్‌లోని అనేక గడులను యథాతథంగా తెరకెక్కించింది. ఫ్రేములు దక్కాయి, గడికీ గడికీ మధ్య తెల్లని ఖాళీలో పాఠకుడు తన వేగంతో చేసుకునే ఆలోచన దక్కలేదు. 2019లో హెచ్‌బీవో కోసం డేమన్ లిండెలాఫ్ ఆ గడులను పక్కన పెట్టి, టల్సా నగరంలో కొత్త కథ అల్లాడు. మూలానికి ఏది దగ్గరగా ఉందన్న ప్రశ్నకు ఫ్రేములను లెక్కపెట్టి జవాబు చెప్పలేము.

ఇంతకంటె విలువైన పాఠం ‘ది శాండ్‌మ్యాన్’ చెబుతుంది. 1989 నుంచి 1996 వరకు 75 సంచికలుగా వెలువడిన ఈ కామిక్ తెరకు లొంగదని చాలాకాలం అనుకున్నారు. అందులో స్వప్నాధిపతి మాటలు నల్లని బుడగల్లో తెల్లని అక్షరాలుగా ఉంటాయి. అక్షరరూపమే అక్కడ కంఠస్వరం. 2022లో నెట్‌ఫ్లిక్స్ దానిని ధారావాహికగా తెచ్చినప్పుడు ఆ నలుపు తెలుపులు పోయి, నటుడి గొంతు మిగిలింది. అది నష్టమే. అయినా నరకలోకంలో మాటలతో సాగే ద్వంద్వయుద్ధాన్ని గమనించాలి. కామిక్‌లో ప్రత్యర్థి కొరోన్‌జాన్ అనే చిన్న దయ్యం. టెలివిజన్‌లో నరకాధిపతి లూసిఫరే ఎదుట నిలుస్తుంది. ఒకరు తోడేలునంటే మరొకరు వేటగాడినంటారు. మాట తగిలి దేహం గాయపడుతుంది. ప్రత్యర్థిని మార్చడం వల్ల సన్నివేశం నటీనటుల చేతికి వచ్చింది, బలపడింది. మృత్యుదేవత తన సోదరుడితో కలిసి నగరంలో నడిచే భాగానికి ఆడంబరమే లేదు; ధారావాహిక మొత్తంలో మనసుకు పట్టేది అదే. పిల్లుల కలను చెప్పే కథ వచ్చేసరికి నిర్మాతలు నటులను వదిలి యానిమేషన్‌ను ఆశ్రయించారు. ఏ కథ నటుడి దేహంలోకి వస్తుంది, ఏది రాదు అన్న వివేకం అక్కడ పనిచేసింది.

ఈ వివేకాన్ని తెలుగువారు నెట్‌ఫ్లిక్స్ నుంచి అరువు తెచ్చుకోనక్కరలేదు. చందమామను 1947లో స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణులే విజయా సంస్థ ద్వారా 1951లో ‘పాతాళభైరవి’ని, 1957లో ‘మాయాబజార్’ను నిర్మించారు. ‘మాయాబజార్’ అనగానే మార్కస్ బార్ట్లే కెమెరా మాయను, ఘటోత్కచుడి ముందు కదిలే వంటకాలను పొగడడం ఆనవాయితీ. అంతకన్నా గొప్ప మాయ మరొకటి ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత తెర మీద ఏ యంత్రమూ పనిచేయదు. సావిత్రి నడక మారుతుంది, చూపు మారుతుంది, భుజం ఒక్కసారి ఎగురుతుంది. ఆ సుకుమార దేహంలో రాక్షసుడు ఉన్నాడని ప్రేక్షకుడు ఒప్పుకొంటాడు. బొమ్మలో సిరా సాధించిన ఐక్యతను ఇక్కడ అభినయం సాధించింది: మానుషమూ అమానుషమూ ఒకే పదార్థంతో తయారయ్యాయి.

దీని వెనుక సురభి ఉంది. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ నాటక సంప్రదాయం నేటికీ హైదరాబాదులో సజీవంగా ఉంది. సురభి వేదిక మీద పాత్రలు తీగల సాయంతో గాలిలో ఎగురుతాయి. తీగ ఉందని ప్రేక్షకుడికి తెలుసు. తెలిసీ చప్పట్లు కొడతాడు. నిజమని భ్రమింపజేయడం కాక, కలిసి నమ్ముదామన్న ఒప్పందం కుదుర్చుకోవడం ఆ కళ రహస్యం. 1985లో దూరదర్శన్ ప్రసారం చేసిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ కూడా ఈ ఒప్పందం మీదనే నడిచింది. రామానంద్ సాగర్ దగ్గర ఉన్నవి అతి సాధారణమైన ట్రిక్కులు. తెల్లని జుట్టుతో, రంగు పూసిన ముఖంతో సజ్జన్ రాజు భుజమెక్కి నవ్వితే అవి చాలాయి. చందమామలో శంకర్ గీసిన బేతాళుడిని చూసి పెరిగిన తెలుగు పిల్లలకు ఆ నవ్వు కొత్తగా అనిపించలేదు.

రంగస్థలపు ఒప్పందం టెలివిజన్ సమీపదృశ్యంలో నిలవదని ఎవరైనా అనవచ్చు. ముఖానికి మూరెడు దూరంలో కెమెరా ఉన్నప్పుడు గుడ్డతో కుట్టిన మృగం నవ్వు తెప్పిస్తుందనడంలో సందేహం లేదు. అందుకే దాసరి కథల్లోని ప్రతి జీవినీ చూపి తీరాలన్న పట్టుదల విడిచిపెట్టాలి. ఏకాక్షి, చతుర్నేత్రుల వైరం ఇద్దరు మంచి నటులకు దొరకగల అరుదైన అవకాశం. వారి చుట్టూ తిరిగే వింతజీవుల్లో సగం నీడగా, శబ్దంగా, చూసినవాడి ముఖంలో భయంగా ఉంటే చాలు. మరొక ప్రమాదం నిడివిది. చందమామ ధారావాహిక నెలకొకసారి కొద్ది పుటల్లో వచ్చి, ఆపదలో ఆగేది. ఒకే చూపును మూడు వైపుల నుంచి చూపి అరగంట నింపే రోజువారీ సీరియల్ పద్ధతి ఈ కథలను గ్రాఫిక్స్ కన్నా ముందే చంపుతుంది. పరిమితమైన భాగాలుగా, వారానికొకటిగా తీయడం తప్ప మార్గం లేదు.

విశ్వవిద్యాలయాల బాధ్యత ఇక్కడే వస్తుంది. ఉస్మానియాలో సాహిత్యం, దానిని ఆనుకొని ఉన్న ఇఫ్లూలో చలనచిత్ర అధ్యయనం సాగుతున్నాయి. నడిచి వెళ్లగల దూరమే. అయినా సాహిత్య పరిశోధన ధోరణి చందమామను బాలసాహిత్యంగా చదివి బొమ్మను అలంకారంగా విడిచిపెడుతుంది. చలనచిత్ర పరిశోధన ధోరణి తెరతో మొదలై తెరతో ముగుస్తుంది. ఈ అలవాటు వల్ల ‘మూలకథ’ అన్న మాటకు రచయిత ఒక్కడే హక్కుదారుగా మిగిలాడు. రేపు ‘శిథిలాలయం’ టెలివిజన్‌కు వస్తే ప్రారంభ పట్టికలో దాసరి పేరు తప్పక ఉంటుంది. ఆ పాత్రల ముఖాలు, ఆయుధాలు, వాహనాలు రూపొందించిన చిత్రకారుడి పేరు ఉంటుందన్న నమ్మకం లేదు. చిత్ర 1978లో మరణించారు. దాసరి ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా జీవించారు; ‘భల్లూక మాంత్రికుడు’ తరువాత చందమామలో ఆయన అద్భుత ధారావాహిక మరొకటి రాలేదు.