బొగ్గు తీసిన నేలకు దిగుబడే కొలమానం కావాలి

గోదావరి–ప్రాణహిత లోయలో బొగ్గు నిక్షేపాలు ఉన్నట్లు 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో గుర్తించారు. ఆ తరువాత చాలా దశాబ్దాలపాటు తవ్వకమంతా భూగర్భంలోనే సాగింది. కొన్నిచోట్ల నేల కుంగినప్పటికీ, దిగువన గని నడుస్తుండగానే పైన జొన్న, కంది పండిన గ్రామాలు ఉండేవి. 1970ల నుండి ఓపెన్‌కాస్ట్ గనులు రావడంతో ఈ స్థితి మారింది. నేడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనుల నుండే లభిస్తున్నది. ఒక టన్ను బొగ్గు వెలికితీయడానికి ఐదారు ఘనపు మీటర్ల మట్టి, రాయి తొలగించవలసి వస్తున్నది. గని ప్రాంతాలలో ‘ఓబీ గుట్టలు’గా వ్యవహరించేది ఈ రాశులనే.

గనుల పర్యావరణ ప్రభావాలపై జరిగే చర్చలో దుమ్ము, పేలుళ్లు, అడుగంటిన బావులు, నరికిన అడవులు తరచుగా ప్రస్తావనకు వస్తాయి. ఇది సమంజసమే. నేల ప్రస్తావన మాత్రం ‘ఎన్ని హెక్టార్లు’ అన్న విస్తీర్ణం వద్దనే ఆగిపోతున్నది. ఒక హెక్టారు విస్తీర్ణంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 22 లక్షల కిలోలు. అందులో సేంద్రియ కర్బనం 0.5 శాతం మాత్రమే ఉన్నదనుకొన్నా అది 11 టన్నులు. కొన్ని సెంటీమీటర్ల నేల రూపొందడానికి వందల సంవత్సరాలు పడుతుంది. బొగ్గును గని సంపదగా లెక్కించే పద్దులో ఈ సంపదకు చోటు లేదు.

పైమట్టిని విడిగా తీసి, నిల్వచేసి, పూడ్చిన నేలపై తిరిగి పరచాలన్నది పర్యావరణ అనుమతులలో సాధారణంగా కనిపించే షరతు. షరతు మంచిదే. అయితే నిల్వ చేసిన కుప్ప లోపల ఏమి జరుగుతున్నదో పరిశీలించవలసి ఉన్నది. అనేక మీటర్ల ఎత్తున పోసిన మట్టిలో పై పొర దాటిన తరువాత ప్రాణవాయువు కొరవడుతుంది. నత్రీకరణ జరిపే సూక్ష్మజీవులు స్తంభిస్తాయి, అమ్మోనియం రూపంలోని నత్రజని పేరుకొంటుంది. మట్టిని తిరిగి పరచగానే అది వేగంగా నైట్రేటుగా మారి, పంట వేళ్లు అందుకొనక మునుపే వానలకు కొట్టుకొనిపోతుంది. వేళ్లకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రాల సామర్థ్యం నిల్వకాలం పెరిగేకొద్దీ క్షీణిస్తుంది. వానపాములు నశిస్తాయి, స్థానిక గడ్డి విత్తనాలు మొలకశక్తిని కోల్పోతాయి. నల్లరేగడి, చల్కా మట్టి కలిసిపోయిన కుప్ప నుండి ఆ రెండింటిలో ఏ నేలా తిరిగి రాదు. నిల్వ పుస్తకంలో ఘనపు మీటర్లు తగ్గకపోవచ్చు, నేల మాత్రం తగ్గిపోయి ఉంటుంది.

పరిచే దశలో రెండవ నష్టం జరుగుతుంది. వంద టన్నుల డంపర్లు తిరిగిన పూడికపై మట్టి గట్టిపడుతుంది. బంకనేలల్లో స్థూల సాంద్రత 1.6 దాటితే వేళ్లు చొచ్చుకొనిపోవడం కష్టమవుతుంది, వాన నీరు ఇంకదు. ఇటువంటి స్థలంలో గుంతలు తీసి, బయటి మట్టి, పశువుల ఎరువు నింపి, నీరు పోసి నాటిన మొక్కలు రెండు మూడేళ్లు బ్రతుకుతాయి. బ్రతికిన మొక్కల శాతమే పునరుద్ధరణ విజయంగా నివేదికలకెక్కుతున్నది. నిజానికి అవి కుండీలో పెరిగిన మొక్కల వంటివి. గుంత వెలుపలి నేల గురించి అవి ఏమీ చెప్పవు.

బొగ్గు గనుల మూసివేత ప్రణాళికలపై కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలు వెలువరించింది. అందుకై ఎస్క్రో ఖాతాలో సొమ్ము జమచేసే ఏర్పాటు కూడా ఉన్నది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, తవ్వకం ముగిసిన భూములలో పశుగ్రాసానికి అనువుగా తిరిగి గడ్డి పెంచాలని ఆదేశించింది. ఏ గడ్డి? ఎంత లోతు మట్టిపై? హెక్టారుకు ఎంత పచ్చిమేత? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసినది గనుల ఇంజనీరు కాదు, సేద్య విజ్ఞాన శాస్త్రవేత్త.

అమెరికాలో 1977 నాటి ఉపరితల గనుల చట్టం ప్రకారం శ్రేష్ఠమైన సాగుభూమిలో నేల పొరలను వేర్వేరుగా తీసి, అదే క్రమంలో తిరిగి అమర్చాలి. పంట దిగుబడి కనీసం మూడేళ్లు పోలిక నేలలతో సరితూగినట్లు రుజువైన పిదపనే కంపెనీ పూచీకత్తు సొమ్ము పూర్తిగా విడుదల అవుతుంది. ఇక్కడి పరిస్థితి వేరన్న అభ్యంతరం రావచ్చు. సేకరించిన భూమి సాధారణంగా తిరిగి రైతుకు చేరదు, చివరి గొయ్యిని పూర్తిగా పూడ్చడం అన్నిచోట్లా సాధ్యం కాదు. ఈ రెండూ వాస్తవాలే. అయినప్పటికీ భూమి ఎవరి పేరున ఉన్నా, దాని ఉత్పాదక శక్తిని కొలవడానికి పంటకన్న నికరమైన సాధనం లేదు. పైగా నీరు ఇంకని గుట్టల నుండి జారే వరద, మేట దిగువ గ్రామాల పత్తి, వరి చేలలోకే చేరుతున్నవి. ఆ రైతులు భూమి కోల్పోయినవారి జాబితాలో ఉండరు.

ఈ విషయంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాత్ర ఇప్పటికన్న చాలా పెరగవలసి ఉన్నది. పైమట్టి కుప్పను ఒకటి రెండు మీటర్లకు మించనీయకుండా, దానిపై జనుము, పిల్లిపెసర, స్టైలో వంటివి చల్లితే జీవక్రియ కొంతవరకైనా నిలుస్తుంది. అంతకన్న మేలైనది, ముందు భాగాన తీసిన పైమట్టిని నిల్వ చేయకుండా నేరుగా వెనుక పూడ్చిన భాగానికి తరలించడం. పూడ్చిన నేలలో లోతు దుక్కి చేసి, మూడు ఖరీఫ్‌లపాటు జొన్న, కంది పండించి పొరుగు గ్రామపు పొలంతో పోల్చి చూడవచ్చు. స్నాతకోత్తర విద్యార్థికి ఇంతకన్న ఉపయోగకరమైన పరిశోధనాంశం ఆ జిల్లాలలో అరుదు. దిగువ చేలలోని మేటను పరీక్షించి, ఏటేటా నమోదు చేసే బాధ్యతను కృషి విజ్ఞాన కేంద్రాలు చేపట్టవచ్చు.

వీటన్నిటికన్న ముందు జరగవలసినది తవ్వకానికి పూర్వపు నేల సర్వే. పొరల లోతు, సాంద్రత, కర్బనం, పంటల దిగుబడి గ్రామాలవారీగా నమోదు కావాలి. తవ్వకం మొదలైన మరునాడు ఆ కొలతలు తీయడానికి అక్కడ నేల ఉండదు. పోల్చి చూడడానికి పొరుగు గ్రామమే మిగులుతుంది, అదైనా గని తదుపరి విస్తరణ పరిధిలో లేకపోతేనే.