ముందు మండె, తర్వాతే తెర

ప్రాథమిక తరగతుల పరిసరాల విజ్ఞానానికి ఇప్పుడు తెర తోడైంది. 2017 సెప్టెంబరు 5న కేంద్రం ప్రారంభించిన దీక్ష వేదికలో తెలుగు వీడియోలున్నాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే చాలు, పాఠం తెరుచుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల బాగుకోసం చేపట్టిన నాడు-నేడు పనులతో ప్రాథమిక బడుల్లోకి స్మార్ట్ టీవీలూ వచ్చాయి. వసతి మంచిదే. వాడే వరుసే తలకిందులవుతోంది. చేతికందే విషయాన్ని పిల్లలు ముందు చేతులతో చేసి చూడాలి. వీడియో ఆ తర్వాతే రావాలి. పాఠశాల విద్యాశాఖ ఈ నియమాన్ని రాతపూర్వకంగా పెట్టాలి.

విత్తనం మొలకెత్తే పాఠాన్నే తీసుకుంటే, వరి పండే పెనుగొండ చుట్టుపక్కల దానికి ప్రయోగశాలే అక్కర్లేదు. సార్వా నారుమళ్ల వేళ రైతు వడ్లను ఒక రోజు నానబెట్టి, నీళ్లు వార్చి, గోనెసంచిలో మండె కడతాడు. మర్నాడు సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. గింజ ముక్కు పగిలి తెల్లటి మొలక కనిపిస్తుంది. ఆ వేడి ఎక్కడిది? గింజ ఊపిరి తీసుకుంటోంది, తనలోని పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తోంది, ఆ వేడి సంచి దాటి పోవడం లేదు. నాలుగో తరగతి పిల్లకు ఇంతకంటే గట్టి పాఠం ఏ తెర మీదా దొరకదు. బడిలోనైతే గుప్పెడు పెసలు చాలు: కొన్ని తడిగుడ్డలో, కొన్ని పొడిగా, కొన్ని నిండా నీళ్లలో. పొడివి అలాగే ఉంటాయి, మునిగినవి గాలి చాలక కుళ్లి వాసనేస్తాయి. వీడియోలో మొలక అరనిమిషంలో వచ్చేస్తుంది, ఎప్పుడూ తప్పదు. అందుకే ‘ఇది ఎందుకు మొలవలేదు?’ అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. సైన్సుకు మొదలు ఆ ప్రశ్నే.

తెర అవసరమైన చోట్లూ ఉన్నాయి. భూమి చుట్టూ చంద్రుడు తిరిగే తీరు, గుండె కొట్టుకునే పద్ధతి, సూక్ష్మజీవులు, మట్టి కింద వేరు సాగడం కంటికి చిక్కవు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ఫెట్ అనే కంప్యూటర్ నమూనాలు ఉచితం. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే ఆడతాయి. అరవింద్ గుప్తా చెత్తతో చేసి చూపే బొమ్మల వీడియోలు ఇంకా మేలు, అవి చూసిన పిల్లలు కాగితం, కత్తెర అందుకుంటారు.

కోవిడ్ కాలంలో, 2020లో, బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ పాఠాలే దిక్కయ్యాయి. ఆ అలవాటు బడులు తెరిచాక కొనసాగాల్సిన పని లేదు. క్యూఆర్ కోడ్‌ను ఇంటిపనిగా ఇవ్వడం మరీ అన్యాయం: కూలికెళ్లిన తండ్రి జేబులోనో, కువైట్‌లోని తల్లి కాల్ కోసం అమ్మమ్మ చేతిలోనో ఉండే ఒక్క ఫోను పిల్లకు దొరికేసరికి రాత్రవుతుంది. వీడియో బడిలోనే, అందరితో కలిసి చూడాలి.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. పాఠానికి ఒకటి చొప్పున, ఐదు నిమిషాలు దాటని తెలుగు వీడియోలను మండల వనరుల కేంద్రం ఏరి, పెన్‌డ్రైవులో ప్రతి బడికీ చేర్చాలి. ఒకరిద్దరే ఐదు తరగతులూ నడిపే బడుల్లో ప్రయోగానికి సమయం దొరికేలా టీచర్ల యాప్ పనులు తగ్గించాలి. తనిఖీకి వచ్చే అధికారి ఎన్ని వీడియోలు నడిచాయని కాక, పిల్లల నోటు పుస్తకంలో మొలక బొమ్మ, తేదీ, కొలత ఉన్నాయా అని చూడాలి.