తుపాను సాయము ఎవరికి ముట్టవలెను?

గోదావరి మండలములకు గాలివాన క్రొత్త చుట్టము కాదు. ఆశ్వయుజ కార్తీకములు వచ్చుసరికి తూర్పుదిక్కు చూచి ఒక్కమారైన నిట్టూర్పు విడువని రైతు ఈ సీమలో లేడు. 1789లో నొకమారు, 1839లో నొకమారు కడలి పొంగి కోరంగి రేవును ముంచినది. దేశదేశముల ఓడలకు నెలవై యుండిన ఆ పట్టణము మరల పూర్వపుదశను చూడలేదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన మన పొరుగుననున్న దివిసీమలో పదివేలమందిని పొట్టబెట్టుకొన్నది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమను తెల్లవారుసరికి బోడిచేసినది. బలుసుతిప్ప, భైరవపాలెము వంటి పల్లెలలో ఏడ్పు వినబడని యిల్లు లేకపోయినది. మరణించినవారు సుమారు వేయిమంది. గల్లంతైనవారు అంతకంటె నెక్కువ. తరువాత 2018 డిసెంబరులో పెథాయి కాట్రేనికోనవద్ద, 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా నరసాపురము చేరువను తీరము దాటినవి.

ఈ వరుసను చదువునపుడు దుఃఖముతోపాటు కొంత ఊరటయు కలుగకపోదు. నాడు వేలు, నేడు వ్రేళ్లమీద లెక్కింపదగిన మరణములు. మన యెగువనున్న ఒడిస్సాలోను ఇదియే కథ: 1999 నాటి మహాతుపానులో సుమారు పదివేలమంది పోయిన రాష్ట్రమే 2013లో ఫైలిను తుపానునాటికి లక్షలాది జనులను ముందుగా తరలించి, మృతుల సంఖ్యను పదులలో నిలుపగలిగినది. ముందుహెచ్చరికలు, తుపాను ఆశ్రయభవనములు, తీరమున సరుగుడుతోపులు, ఇంటింటికి పోయి జనులను లేపి తీసికొనివచ్చు గ్రామోద్యోగులు — వీరందరికిని, వీనికన్నిటికిని మనము ఋణపడియున్నాము. ఆ మాట చెప్పక ముందునకు పోవుట కృతఘ్నత యగును.

కాని ప్రాణములు దక్కినంతమాత్రమున బ్రతుకులు దక్కినవా? గాలివాన వెలిసిన మూడవనాడు మంత్రులు, అధికారులు కార్లలో వత్తురు. చేలగట్లపై నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొందురు. బియ్యము, పప్పు, నూనె పంచుదురు. పదవనాటికి పత్రికలు వేరొక వార్తను వెదకికొనును. పల్లెకు అసలైన తుపాను ఆ పదవనాటినుండియే మొదలగుచున్నదని మేము ఘంటాపథముగా చెప్పుచున్నాము.

సార్వా పంట సంగతి చూడుడు. గాలివానలు వచ్చుకాలమును, చేను పాలుపోసికొని వంగుకాలమును ఒక్కటే. ఏరువాకనాటినుండి దమ్ము, ఊడ్పు, కలుపు, ఎరువు అని రైతు పెట్టవలసిన పెట్టుబడి యంతయు పెట్టినపిమ్మట, కోతకూలి తప్ప వేరు ఖర్చు మిగులని దశలో, గాలి చేనును పడవేయును, నీరు దానిపై నిలుచును. మూడునాళ్లు నీరు దిగకున్న కంకిమీదనే మొలక వచ్చును. నూటికి అయిదుపాళ్ల ఉప్పు కలిపిన నీరు పనలపై చల్లుడని వ్యవసాయశాఖవారు చెప్పుదురు, మంచి సలహాయే. కాని మోకాటిలోతు నీటిలో మునిగిన చేనిపై ఎవడు చల్లును? చల్లి దక్కించుకొన్న ధాన్యమును మిల్లువారు రంగుమారినదనియు, తేమ యెక్కువనియు తరుగు తీయుదురు. గోరుచుట్టుపై రోకటిపోటన నిదియే.

ఇంతవరకు అందరు ఎరిగినదే. ఇక ఎరిగియు మాటాడనిదానిని మాటాడుదము. మునిగిన ఆ చేను ఎవరిది?

రికార్డులో అది భూయజమానిది. చేతిలో అది కౌలుదారుది. గోదావరి డెల్టాలో దున్నువారిలో కౌలుదారులే అధికమని ఈ సీమలో పుట్టినవానికి వేరొకరు చెప్పనక్కరలేదు. పెట్టుబడి వానిది, అప్పు వానిది, రెక్కలకష్టము వానిది. పంట పోయినను కౌలుగింజలు కొలువవలసినది వాడే. కాని పరిహారము కాగితము ననుసరించి నడచును. 33 శాతము నష్టమైన పంటకు పెట్టుబడి సాయము దొరకునట్లు 2015లో నియమము సడలించిరి, సంతోషమే. ఆ సాయము చేరునది మాత్రము నమోదులో పేరున్నవాని బ్యాంకుఖాతాకు. పంటరుణము భూయజమాని పేరిట, ఆ రుణముతో ముడిపడిన పంటబీమా భూయజమాని పేరిట, తుదకు తుపాను పరిహారమును ఆయన పేరిటనే! నష్టమొక యింటిలో, నష్టపరిహారమొక యింటిలో. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని పెద్దలన్నారు. ఇచ్చట పూజారికే వరమును ముట్టినది, భక్తుడు కొబ్బరిచిప్పకైన నోచుకొనలేదు.

దీనికి చట్టములు లేకపోలేదు. 1956లో కౌలుచట్టము వచ్చినది. 2011లో సాగుదారులకు గుర్తింపుకార్డు లిచ్చు చట్టము చేసిరి. 2019లో పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చినది. పదునొకండు నెలల ఒప్పందము వ్రాసికొన్నచో భూమిపై హక్కులేవియు సంక్రమింపవనియు, పంటకు సంబంధించిన రుణము, బీమా, పరిహారము మాత్రము సాగుదారునకు చెందుననియు అందు స్పష్టముగా చెప్పిరి. అయినను ఆ పత్రముపై భూయజమాని చేవ్రాలు కావలెననిరి. చిక్కంతయు నా చేవ్రాలులోనే యున్నది. అడిగిన కౌలుదారునకు మరుసటియేడు చేను దొరకదు. అందుచేత వాడు అడుగడు. అడుగనివానికి ఎవరును పెట్టరు.

ఆ చేవ్రాలు చేయని యజమాని ఎవరు? పల్లెలో నుండువాడు కొందరే. మిగిలినవారు రాజమహేంద్రవరమున, కాకినాడలో, భీమవరమున, హైదరాబాదున, సముద్రములకావలి అమెరికాలో నున్నారు. ఈ పఠనమందిరములో బల్లకావలిప్రక్క కూర్చుండి పత్రిక చదువుచున్న పెద్దమనుష్యుడు కావచ్చును. మేమాయనను దూషించుటకు ఈ మాట వ్రాయుటలేదు. ఒకమారు సంతకము చేసిన తాతలనాటి భూమి చేజారునను భయము ఆయనకున్నది. 1956 నాటి చట్టము తెచ్చిన ఆ భయము అర్థములేనిది కాకపోవచ్చును. 2019 నాటి చట్టము చదివినవానికి అది మిగులవలసిన పనిలేదు. రెండెకరముల కౌలుపై దినము గడుపుకొను వితంతువు సంగతి వేరు. ఆమెకును ఆ గింజలే ఆధారము, ఆమె కౌలు మాఫీ చేయవలెనని అడుగుటకు మాకు నోరు రాదు. కాని పట్టణములో మేడలు కట్టి, బిడ్డలను పరదేశములకు పంపి, ఇరువది యెకరముల మాగాణిపై ఏటేట కౌలు తీసికొనువారు, తుపాను ముంచిన యేడు ఆ కౌలును విడిచి, ఖాతాలో పడిన పరిహారమును సాగుచేసినవానికి అప్పగించుట దానము కాదు, బాకీ తీర్చుట. ఇట్లు చేయువారు అక్కడక్కడ లేకపోలేదు. వారి పేర్లు పత్రికలలో పడవు.

కొబ్బరి విషయము ఇంతకంటె దీర్ఘమైనది. వరి పోయినచో ఒక పంట పోయినది. చెట్టు పోయినచో ఒక తరుణవయస్సు పోయినది. కోనసీమలో దేశవాళి కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. అంబాజీపేట పరిశోధనాకేంద్రమువారు రూపొందించిన గోదావరి గంగ వంటి సంకరజాతి మొక్కలు కొంత ముందుగా కాపునకు వచ్చునుగాని అవియు మరునాడే కాయవు. 1996లో కూలిన తోటలకు బదులు నాటిన మొక్కలు గెలవేయుసరికి నాటి పసిబిడ్డలు బడికి పోవుచుండిరి. చెట్టున కింతయని ఒక్కమారు లెక్కకట్టి చేతులు కడుగుకొనువారు ఈ మధ్యనున్న ఏండ్ల సంగతి ఏమనుకొనుచున్నారో తెలియదు. ఆ యేండ్లలో తోటయజమాని అరటియో కందయో అంతరపంట వేసికొని నెట్టుకొనివచ్చును. దింపుకార్మికుడేమి చేయును? ఒలుపుకార్మికుడేమి చేయును? పీచు తీసి తాడు పేనుకొను ఆడుది ఏమి చేయును? వీరికి చెట్టు లేదు. కనుక చెట్టు పోయినట్టు ఏ పట్టికలోను వ్రాయబడదు. తోట మరల కాపునకు వచ్చువరకు ఏటేట కూలిపనిని గ్రామములోనే చూపుట, ఆ పని మురుగుకాలువలు, గట్లు, మొక్కల పెంపకముపై పెట్టుట ప్రభుత్వమునకు అసాధ్యమైన పని కాదు. ఉపాధిహామీ చట్టము 2005లో వచ్చినది అట్టి దినములకే గదా!

సముద్రముపై బ్రతుకు మత్స్యకారుని గోడు మరియొకటి. పడవతో పోయినవాడు తిరిగిరాలేదు, శవమును దొరకలేదు. శవము లేనిదే మరణపత్రము లేదు; పత్రము లేనిదే పరిహారము లేదు. ఏడేండ్లు కనబడనివానినిగాని మృతునిగా భావింపరాదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది, 2024 జులైలో దాని స్థానమున వచ్చిన చట్టమును అదే చెప్పుచున్నది. వాని భార్య ఏడేండ్లు ముత్తైదువయో కాదో తెలియక, పింఛనుకు నోచుకొనక వేచియుండవలెనా? 2013లో ఉత్తరాఖండపు వరదలలో గల్లంతైన యాత్రికుల విషయమున ఆ నియమమును ప్రక్కకుపెట్టి, విచారణ జరిపి, పత్రము లిచ్చిరి. యాత్రికునకు వర్తించిన దయ వలవేయువానికి ఏల వర్తింపరాదు? విపత్తు వచ్చిన పిమ్మట వినతులపై వినతులు పెట్టించుకొని ఇచ్చునది కాక, తుపానులో గల్లంతైనవారికి ఇన్ని నెలలలో పత్రమీయవలెనను నియమమును ముందే శాశ్వతముగా చేసియుంచవలెను.

మురుగుకాలువల మాట ముక్తసరిగా చెప్పెదము, ఏలనన అది చెప్పి చెప్పి మా కలము అరిగినది. కృష్ణా గోదావరి డెల్టాలలో మురుగునీటి పారుదలకై 1968లో ప్రత్యేకముగా పన్ను వేయుటకు చట్టము చేసిరి. నాడు రైతు పన్ను కట్టవలసివచ్చినది. నేడు యనమదుర్రు మొదలుగా ఎన్ని డ్రెయిన్లలో గుర్రపుడెక్క నిండియున్నదో, ఎన్నింటి గట్లు చేపలచెరువుల, రొయ్యలచెరువుల లోనికి జరిగిపోయినవో ఎవరైన పోయి చూడవచ్చును. తుపాను చేనును పడవేసిన దొక్క రాత్రి. దానిని కుళ్లబెట్టినవి పూడిన డ్రెయిన్లు. ఉప్పునీరెక్కిన భూమిని కాలువనీటితో కడిగి బాగుచేయవచ్చును. కాని కడిగిన నీరు పోవుటకు దారి యుండవలెను గదా.

1839 నాటి ఉప్పెనకు కొన్నియేండ్ల ముందు కరవువచ్చి ఈ మండలము నీరసించియున్నది. మనుష్యులు చచ్చియు, వలసపోయియు ఊళ్లు పాడుపడెను. 1844లో మాంట్గొమరీ దొర వచ్చి ఈ క్షీణతకు కారణములు వ్రాసికొనిపోయెను. కంపెనీవారు గంజికేంద్రములతోనే సరిపుచ్చియుండిన నేటి గోదావరిజిల్లాలు లేవు. 1852 నాటికి కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట ముగించుటచేతనే ఈ నేల కోలుకొన్నది. పరాయిపాలకులు తమ శిస్తుకొరకైన చేసినపని అది. మన ఓట్లతో గద్దెనెక్కిన మన ప్రభుత్వములు ఒక పూటి అన్నపుపొట్లముతో తృప్తిపడుట మాకు నచ్చకున్న తప్పా?

ఇక పట్టణవాసులు చేయదగిన పని. చినిగిన బట్టలమూటలు వలదని తీరగ్రామములవారు ప్రతి తుపానుకును మొరపెట్టుచునే యున్నారు, విని ఆపుడు. చందాలు వసూలు చేయువారు 1934 బీహారు భూకంపమునాడు రాజేంద్రప్రసాదుగారు నడపిన సహాయసంఘమును జ్ఞాపకము చేసికొందురుగాక. ఆ సంఘమునకు ఆర్థికసలహాదారుగా కూర్చుండిన జె. సి. కుమారప్పగారు లెక్కలవిషయమున ఎవరిని ఉపేక్షింపలేదు. మన సంఘములును వచ్చినదెంత, పోయినదెంత, ఎవరికి పోయినది అను పట్టికను ఆ గ్రామపు రచ్చబండవద్ద అతికింపవలెను.

అంతకంటె ముఖ్యమైనది అక్షరజ్ఞానముతో చేయు సాయము. మునిగిన పల్లెలో కొరత బియ్యముకంటె కాగితము వ్రాయువానికే. ఈ-పంట నమోదులో పేరున్నదో లేదో చూచుట, ఖాతా వేరొకరిదైన అభ్యంతరము పెట్టుట, పంటనష్టపు జాబితాను గ్రామసచివాలయమున ప్రకటించినపుడు పోయి చదివి వినిపించుట, గల్లంతైనవాని భార్యకు అర్జీ వ్రాసిపెట్టుట — ఇవి పఠనమందిరములకు వచ్చు యువకులు వంతులవారిగా ఆదివారములలో చేయగలపనులు. ఈ సీమ గ్రంథాలయములు స్వాతంత్ర్యోద్యమకాలమున పుస్తకములు మాత్రమే దాచిన గదులు కావు.

ప్రభుత్వమును మేము కోరునది ఒక్కటి: నష్టపుజాబితా వ్రాయునపుడు ఉద్యోగి కచ్చేరిలోని పట్టాదారు పట్టికనుగాక చేనుగట్టుపై నిలుచున్న మనుష్యుని ముందు చూడవలెను; ఈ చేను ఈ యేడు ఎవరు ఊడ్చిరి అని గ్రామసభలో పదిమంది యెదుట అడిగి వ్రాయవలెను. యజమాని చేవ్రాలు లేదని సాగుదారుని పేరు కొట్టివేయరాదు. ఊడ్చినవాడెవడో ఊరిలో ప్రతివానికిని తెలియును, తెలియనిది కచ్చేరికే.

పొలముగల మా చదువరులను కోరునది మరియొకటి. కౌలుమాట లాడుకొనునది ఏరువాకకు ముందే. ఈమారు కౌలుదారుడు మీ యింటి అరుగుమీదికి వచ్చినపుడు, ఎన్ని బస్తాలో మాటాడుకొన్న పిమ్మట, పదునొకండు నెలల ఒప్పందపు కాగితమును వాడు అడుగక మునుపే మీరే తెప్పించి సంతకము చేసి వాని చేతిలో పెట్టుడు.