సింగపూరు బొమ్మ, సింగపూరు మాట

పరదేశాలలో మన ప్రాంతం గురించి చాటుకోవటం తప్పని నేననను. పేరు తెలియని చోటికి పెట్టుబడీ రాదు, యాత్రికుడూ రాడు. నా అభ్యంతరమల్లా ఆ చాటింపులో మనం చెప్పుకుంటున్నదేమిటన్నదే. 2014 తరువాత కృష్ణాతీరాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన తీరంతా ఒక్క ముక్కలో ఇమిడిపోతుంది: ఇది మరో సింగపూరు అవుతుందని! సింగపూరు కావలసినవాడు అసలు సింగపూరుకే పోతాడు గదా, మన దగ్గరకెందుకు వస్తాడు?

ఆ దీవి ఈ కొసనుంచి ఆ కొసకు మన విజయవాడ-బందరు దూరమైనా లేదు. అయినా 1961లోనే ఆర్థికాభివృద్ధి మండలినీ, 1964లో పర్యాటక ప్రచారానికి మరో మండలినీ ఏర్పరచుకున్నది. సింహపు తల, చేప ఒడలు గల మెర్లయన్ ఆ ప్రచారమండలి చిహ్నంగా పుట్టినదే. కాని ఆ బొమ్మను చూసి అక్కడెవరూ కర్మాగారం పెట్టలేదు. ఈనాటి సంతకం రేపు కూడా చెల్లుతుందన్న నమ్మకంతో పెట్టారు.

మనం బొమ్మ తెచ్చుకున్నాం. మాట సంగతేమిటి? అమరావతిలో 1691 ఎకరాల స్టార్టప్ ప్రాంతానికి 2017 మేలో సింగపూరు సంస్థల కూటమితో కలిసి శంకుస్థాపన చేశాం. 2019లో ప్రభుత్వం మారింది, ఆ నవంబరులోనే ఆ పథకానికి నీళ్ళొదిలారు. గన్నవరం నుంచి సింగపూరుకు 2018 డిసెంబరులో మొదలైన విమానం, నష్టం వస్తే ఖజానా భరిస్తుందన్న హామీ ఉండి కూడా, 2019లోనే ఆగిపోయింది. మళ్ళీ 2025 నవంబరులో గాని ఎగరలేదు. 2025 జులైలో ముఖ్యమంత్రి సింగపూరు వెళ్ళవలసివచ్చింది, చెడిన సంబంధాన్ని అతికించటానికి!

ప్రభుత్వాన్ని మార్చేది విధానాలు మార్చటానికే గదా అనవచ్చు. నిజమే. ఆ ఒప్పందంలో వాటాలు వారికి 58, మనకు 42 అన్నదానిపై వచ్చిన విమర్శలనూ కొట్టిపారెయ్యలేం. అయితే లోపాన్ని సవరించటం వేరు, కాగితాన్నే చింపటం వేరు. సంతకం చేసేది పార్టీ కాదు, రాష్ట్రం. ఒకరు గుట్టుగా రాయటం, మరొకరు కసిగా చెరపటం... ఈ రెండూ కలిసి మన పరువు తీశాయి.

పోనీ చెప్పుకోవటానికి మనకు సొంత కథ లేదా? అమరావతి స్తూప శిల్పాలు నూటికి పైగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 2006 జనవరిలో దలైలామా కాలచక్రకు దేశదేశాల బౌద్ధులు అమరావతి చేరారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో వర్తకస్థావరం పెట్టుకున్నది ఏ సదస్సులో ఆహ్వానం అందుకొని? ఈ తీరపు బట్ట వాళ్ళను రప్పించింది. ఆ అద్దకం పెడనలో నేటికీ బతికే ఉంది.

మా పటమట పక్కనే ఆటోనగరు. అక్కడ లారీకి బాడీ కట్టే మేస్త్రీ కరపత్రాలు పంచడు. చెప్పిన రోజుకు బండి ఇస్తాడన్న పేరుంటే బేరం దానంతటదే వస్తుంది. ఈ పాటి లోకజ్ఞానం మన ఏలికలకు ఉండవద్దా?

విదేశీయాత్రలు చెయ్యండి, వద్దనం. బయలుదేరేముందు ఒప్పందాన్ని శాసనసభలో పెట్టి చర్చించండి; మార్చదలచినవారు కారణం చెప్పి ఆ సభలోనే మార్చాలి. అప్పుడు ఏ దేశం పేరూ అరువు తెచ్చుకోనక్కరలేదు, కృష్ణాతీరమంటే చాలు.