జ్వరానికి పడక ఏదీ?

మూడేళ్లలో దేశంలోని అన్ని జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు వస్తాయని, వాటిలో 200 కేంద్రాలు 2025–26లోనే మొదలవుతాయని 2025 ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో చేసిన ప్రకటన స్వాగతించదగిందే అయినా, దాని చుట్టూ అల్లుతున్న ప్రచారం రోగులను మోసగించేదిగా ఉంది. రోగి ఉదయం వచ్చి, కీమోథెరపీ మందు ఎక్కించుకొని, సాయంత్రానికి ఇల్లు చేరే ఏర్పాటునే డే కేర్ అంటారు. ఆ ఏర్పాటు జిల్లాకు వస్తే చాలు, క్యాన్సర్ చికిత్స ఇంటి ముంగిట్లోకి వచ్చినట్టేనన్న మాట ఎవరి నోట వచ్చినా ఒప్పుకోవడానికి వీల్లేదు.

ప్రతి విడతకూ కర్నూలుకో హైదరాబాదుకో పరుగెత్తే పని తప్పితే దారి ఖర్చూ కూలీ మిగులుతాయని, చికిత్సను మధ్యలో మానేసేవారు తగ్గుతారని ప్రభుత్వ పక్షం చెప్పేది నిజమే.

అయితే కీమోథెరపీలో పెద్ద గండం మందు ఎక్కించిన రోజున కాక, రోగి ఇంటికి చేరిన తరువాత వస్తుందన్న సంగతిని ఈ ప్రచారం దాచిపెడుతోంది. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. క్యాన్సర్ కణాలతోపాటు నోటి లోపలి పొర, జుట్టు కుదుళ్లు, ఎముక మజ్జ కూడా అలాంటి కణాలతో నిండినవే కాబట్టి నోరు పూస్తుంది, జుట్టు రాలుతుంది, మజ్జలో తయారయ్యే తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి. సూక్ష్మజీవులను ముందుగా ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు సాధారణంగా మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య అట్టడుగుకు చేరతాయి; ‘కౌంట్ పడిపోయింది’ అని రోగులు చెప్పుకునేది దీన్నే. మైక్రోలీటరు రక్తంలో వాటి సంఖ్య 500 కంటే తగ్గి, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం గంటపాటు నిలిచినా దాన్ని ఫెబ్రైల్ న్యూట్రోపీనియా అంటారు. అప్పుడు గంటలోపే నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలి, లేకపోతే ఇన్‌ఫెక్షన్ రక్తమంతా పాకి ప్రాణం తీయగలదు.

ఆ గంటను నంద్యాల జిల్లాలోని అహోబిలంలో లెక్కపెట్టి చూస్తే ఈ ప్రచారంలోని డొల్లతనం బయటపడుతుంది. నంద్యాలలో కీమో ఎక్కించుకొని వచ్చిన కూలీ మహిళకు తొమ్మిదో రోజు రాత్రి ఒళ్లు కాలితే, ఆ ఇంట్లో థర్మామీటరు ఉండదు, జ్వరం వస్తే వెంటనే రావాలన్న హెచ్చరిక ఆమె చదవలేని ఇంగ్లీషులో డిశ్చార్జి కాగితం అడుగున ఉంటుంది. ఊళ్లో దొరికే పారాసెటమాల్ బిళ్ల వేసుకుంటే వేడి తగ్గినట్టు కనిపిస్తుందే కాని లోపలి ఇన్‌ఫెక్షన్ తగ్గదు. ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్లు, అక్కడినుంచి నంద్యాలకు మరో 40 కిలోమీటర్లకు పైగా పోవాలి. ఎగువ అహోబిలం వైపునుంచి దిగేవారికైతే ముందు 8 కిలోమీటర్ల కొండదారి ఉంది. వైద్యం ఇచ్చిన గడువు దారిలోనే ముగిసిపోయే మనిషికి చికిత్స ముంగిట్లోకి వచ్చిందని చెప్పడం అన్యాయం.

కీమో అన్నాక బాధ తప్పదని, ఓర్చుకోవాలని చెప్పేవారు వైద్యచరిత్రను మరచిపోతున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో వెల్లడైంది. ఆ మందు నోటిపూత తెస్తుందన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. తరువాత దాని స్థానంలోకి విషప్రభావం తక్కువైన మెథోట్రెక్సేట్ వచ్చింది, పెద్ద మోతాదులో దాన్ని ఇచ్చినప్పుడు ఆరోగ్యకరమైన కణాలను కాపాడటానికి లూకోవొరిన్ అనే విరుగుడు వచ్చింది. విరుగుడు తోడైనందునే పెద్ద మోతాదు సాధ్యమైంది కాబట్టి, దుష్ప్రభావాల అదుపు చికిత్సకు చివర తగిలించే అనుబంధం కాదు, చికిత్సలో సగభాగం. తెల్లకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ సూదిమందును హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2001 నుంచే అమ్ముతోంది. వాంతులను ఆపడానికి 10 మిల్లీగ్రాముల ఓలాంజపిన్ అక్కర్లేదని, 2.5 మిల్లీగ్రాములు చాలునని, దానితో పగటి మగతా తగ్గుతుందని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2024లో నిరూపించారు. మందులూ పరిజ్ఞానమూ దేశంలోనే ఉండగా పేదరోగిని ఓర్చుకోమనడం నిర్దయ.

అందువల్ల ప్రతి డే కేర్ కేంద్రానికీ కొన్ని షరతులు తప్పనిసరి చేయాలి. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు చేతిలో థర్మామీటరు, ఏ జ్వరానికి ఎక్కడికి పోవాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిన కార్డు పెట్టాలి. కీమో తీసుకున్నవారి పేర్లు, తేదీలు వారి ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు చేరాలి, రెండోవారంలో వారే వెళ్లి పలకరించాలి. కర్నూలులోని రాష్ట్ర క్యాన్సర్ సంస్థ ఈ పనికి శిక్షణనూ పర్యవేక్షణనూ అందించాలి. తొమ్మిదో రోజు రాత్రి అహోబిలం నుంచి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి, ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రిలో మొదటి మోతాదు యాంటీబయాటిక్, నంద్యాలలో ఆ జ్వరానికని విడిగా ఉంచిన పడక సమకూరేదాకా, రిబ్బను కత్తిరించిన ఏ కేంద్రాన్నీ ప్రభుత్వాలు తమ లెక్కలో రాసుకోకూడదు.