పొన్నుత్తాయి పాటకు ఏడుస్తాం, సొంత అక్కకు ఏమిచ్చినాం?

ఈరోజు టమోటా రేటు గురించి కాదు, బోరు గురించి కాదు, ఒక తమిళ సినిమా పాటల గురించి రాస్తా ఉండా. పాటలకూ సేద్యానికీ ఏం సంబంధం అనుకోవద్దు. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

పోయిన వారం రాత్రి టమోటా లోడుతో మద్రాసు కోయంబేడుకు పోయే బండిలో నేనూ ఎక్కినా. డ్రైవరు తమిళ పిల్లోడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. ఫోన్లో 'కరుత్తమ్మ' పాటలు పెట్టినాడు. 1994లో వచ్చిన సినిమా. భారతీరాజా డైరెక్షన్, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం, వైరముత్తు రాసిన పాటలు. మా చిత్తూరు పక్క తమిళ పాటలు మాకేం కొత్త కాదు. బస్సుల్లో, టీ కొట్లలో వింటానే పెరిగినాం. ఆ క్యాసెట్ మా ఇంట్లో కూడా ఉండేది.

మొదట 'తెన్‌మేర్కు పరువక్కాట్రు' వచ్చింది. ఉన్నికృష్ణన్, చిత్ర పాడింది. ఆ మాటకు అర్థం నైరుతి గాలి అని. వాళ్ల తేని పక్క పడమటి కనుమల కింద ఆ గాలికి పడే తుంపర గురించిన పాట. తమిళనాడులో ఎక్కువ చోట్ల పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యంలో పడుతుంది. కొండల కింద ఊళ్లకు మాత్రం నైరుతి తుంపర ఒక పండగ. వానకోసం మొగులు దిక్కు చూసినోనికే ఇట్లాంటి పాట వస్తుంది.

ఎందుకు రాదు? భారతీరాజాది తేని పక్కనే అల్లినగరం. వైరముత్తుదీ ఆ జిల్లానే. వైగై డ్యాము కట్టినప్పుడు మునిగిపోయిన పల్లెల్లో ఆయన ఊరూ ఒకటి. ఆ మునిగిన రైతుల కథే 'కళ్లిక్కాట్టు ఇతిహాసం' అని పుస్తకం రాస్తే 2003లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రెహమాన్ మాత్రం మద్రాసులో పుట్టి పెరిగినోడు, అప్పటికి 27 ఏండ్లు. అదే ఏడాది 'ప్రేమికుడు'లో ముక్కాల ముకాబులా కొట్టిందీ ఆయనే. ఆ మిషన్ల మోత అంతా ఇక్కడ పక్కన పెట్టేసి, మట్టి మనుషుల గొంతు వినపడేటట్టు చేసినాడు. జోలపాటకు తేని కుంజరమ్మ అనే జానపద గాయని గొంతు తీసుకున్నాడు. చదువుకున్న సంగీతం కాదది, మన అవ్వ పాడినట్టే ఉంటుంది.

తర్వాత 'పోరాళే పొన్నుత్తాయి' వచ్చింది. ఇది రెండు రకాలుగా ఉంది. ఉన్నికృష్ణన్, సుజాత పాడింది సంతోషంగా ఉంటుంది. స్వర్ణలత పాడింది దుఃఖం. రెండింటికీ ట్యూను ఒకటే. ఆ రెండోది మొదలయిందో లేదో, డ్రైవరు చెయ్యి చాపి మార్చేసినాడు.

"ఏం తమ్ముడూ, మంచి పాట కదా?" అన్నా.

"వద్దన్నా. రాత్రిపూట బండి తోలేటప్పుడు అది వినలేను. నాకూ చెల్లెలుంది."

అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం కోయంబేడు దాకా నిద్ర పట్టలేదు.

ఆ సినిమా చూడనోళ్లకు చెబుతా. పుట్టిన ఆడపిల్లను చంపేసే పల్లెల కథ అది. పేద రైతు ఒకడు, ఇంకో ఆడపిల్ల పుట్టిందని మంత్రసాని చేతికిచ్చి చంపేయమంటాడు. ఒక పంతులు ఆ బిడ్డను కాపాడి పెంచుతాడు. ఆ బిడ్డే డాక్టరై వచ్చి, మంచాన పడిన అదే నాయనకు వైద్యం చేస్తుంది. ఇది గాల్లోంచి పుట్టిన కథ కాదు. తమిళనాడు ప్రభుత్వం ఆడబిడ్డలను చంపొద్దు, మాకు ఇచ్చేయండి అని 1992లో ఉయ్యాల పథకమే పెట్టింది. సినిమాకు కుటుంబ సంక్షేమం కింద జాతీయ అవార్డు వచ్చింది. ఆ దుఃఖం పాటకు స్వర్ణలతకు, పాటలు రాసినందుకు వైరముత్తుకు జాతీయ అవార్డులు వచ్చినాయి. ముక్కాల ముకాబులా పాడిన గొంతే ఇదీ అంటే నమ్మబుద్ధి కాదు. ఆయమ్మ 2010లో 37 ఏండ్లకే పోయింది.

నా అభిప్రాయం ఏమంటే, ఈ క్యాసెట్‌ను పూర్తిగా వినాలి. వాన పాట, పచ్చని పైరు పాట, బీడు పాట, జోలపాట, ఊరు విడిచిపోయే ఆడబిడ్డ పాట, అన్నీ ఒకే ఊరివి. వానకు దండం పెట్టే చెయ్యే ఆడబిడ్డ దగ్గర బిగుసుకుంటుంది. మనం వాన పాట దగ్గర ఆపేసి, 'అబ్బ, పల్లె ఎంత బాగుంది' అంటాం. సగం పల్లెనే విన్నట్టు లెక్క.

మన దగ్గర చంపడం లేదు కదా అంటారు. సరే, నా కథ చెబుతా. నాకు రెండోది కూడా కూతురే పుట్టింది. ఆస్పత్రిలో బిడ్డ మొహం చూసి, మాట్లాడకుండా నేరుగా మడికాడికి పోయి మోటరు వేసుకుని పొద్దుగూకేదాకా గెనిమ మీద కూచున్నా. నా భార్య ఇంతవరకూ ఆ దినం గురించి ఒక్క మాట అడగలేదు. అడిగుంటే బాగుండేది.

ఇంకోటి. మా అక్క పెండ్లి 1995లో. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన భాగం అని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం చేసినారు. తమిళనాడులో 1989లో వచ్చింది, 2005లో దేశమంతా చేసినారు. చట్టం ఉన్నా, నాయన పోయినాక మూడెకరాలు నా పేరుకు మార్చుకునేదానికి అక్కతో సంతకం పెట్టించుకున్నాం. ఒక పట్టు చీర పెట్టి, అన్నం పెట్టి బస్సెక్కించినాం. ఆ రోజు ఆయమ్మ చెనక్కాయ చేను గట్టు మీద కాసేపు నిలబడి చూసిపోయింది. ఆ చేన్లో కలుపు తీసిందీ, కాయ వలిచిందీ నాకంటే ఎక్కువ ఆయమ్మే.

సంతోషం, దుఃఖం రెండింటికీ ఒకే ట్యూను ఎందుకు పెట్టినారో ఇప్పుడు అర్థమయింది. పెండ్లిలో మేళం వాయించి ఆడబిడ్డను పంపించేదీ, ఉత్త చేతులతో పంపించేదీ మనకు ఒకే పని అయిపోయింది.

ఊరికి తిరిగొచ్చినాక అక్కకు ఫోన్ చేసినా. ఎకరా నీ పేరుకు రాస్తా అన్నా. నవ్వి, "ఇప్పుడెందుకురా, నీ కూతుర్లకు రాయి ముందు" అనింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అక్క వద్దన్నా ఆ ఎకరా రాయాలి, కూతుర్లకూ రాయాలి. ఇంట్లో ఇంకా మాట తెగలేదు. తెగినాక ఏమయిందో ఇక్కడే రాస్తా.

మీరు ఆ పాట విని ఏడిస్తే ఏడవండి, తప్పులేదు. కన్నీళ్లు తుడుచుకున్నాక ఒకసారి పాసుపుస్తకం తీసి, అందులో ఎవరి పేర్లు ఉన్నాయో చూడండి. మీ ఇంట్లో అక్కచెల్లెళ్లకు భాగం ఇచ్చినోళ్లు ఉంటే ఎట్లా ఇచ్చినారో కింద రాయండి. నాబోటి వాళ్లకు దారి తెలుస్తుంది.